చెక్క తాగిన నూనె

హిందూపురంలో మా వంటింటి గట్టు మీదికి ఈమధ్య కొత్త చుట్టాలు దిగారు. వేపచెక్క గరిటెలు కొన్ని, కూరగాయలు తరుక్కునే మందపాటి పలక ఒకటి, చపాతీల పీట ఒకటి. మా కోడలు స్వప్న బెంగుళూరు పోయినప్పుడు ముచ్చటపడి కొనుక్కొచ్చింది. నాన్‌స్టిక్ గిన్నెల పూత గీసుకుపోయి కడుపులోకి పోతోందని ఎవరో చెప్పారట, ఇక మన ఇంట్లో గరిటెలన్నీ చెక్కవే అని తీర్మానించుకుంది. మంచిదే. కానీ వాడకంలో పడ్డ కొన్నాళ్ళకే గరిటెలు తెల్లగా పాలిపోయి నూగు లేచాయి, పలక మీద సన్నటి చీలిక కనిపించింది. నూనె పట్టించాలని ఆమెకు తెలుసు. ఏ నూనె అన్నదే తేలలేదు. ఫోను ముందేసుకుని కూర్చుంది. ఒకాయన కొబ్బరినూనె అన్నాడు, ఇంకొకాయన అది కొన్నాళ్ళకు ముక్కిపోతుందన్నాడు. ఎవరో అవిసె నూనె అన్నారు, దాని కిందే ఒకావిడ, రంగుల అంగట్లో అమ్మే అవిసె నూనె తలుపులకూ కిటికీలకూ పూసేది, తొందరగా ఆరడానికి అందులో ఏవేవో మందులు కలుపుతారు, తిండి సామానుకు వద్దని హెచ్చరించింది. "అత్తమ్మా, ఇంతకీ ఏది పూయాల?" అని విసుగ్గా అడిగితే, "ఆముదం" అని నా నోటికి దానంతట అదే వచ్చేసింది. స్వప్న లేచిపోయి స్నానాల గదిలోంచి ఆముదం సీసా తెచ్చి నా ముఖం ముందు పెట్టింది. తలకు మాత్రమే అని దాని మీద రాసి ఉంది. "దీన్ని గరిటెకు పూస్తే సాంబారు తలకు పోసుకోవాల్సిందే" అంది. నా అనుభవానికి మా ఇంట్లో ఉన్న విలువ అంత.

ఇట్లాంటి తగువులు వచ్చినప్పుడు నేను ఫోను చేసేది ధర్మవరంలో ఉన్న మా చిన్నమ్మకు. చిన్నమ్మంటే మా నాయన తమ్ముడి భార్య, పేరు సుగుణ. నర్సుగా చేసి రిటైరైంది. చిన్నాయన పోయాక తన పుట్టిన ఊరికి పోయి, చెల్లెలి ఇంటి పక్కనే చిన్న ఇల్లు తీసుకుని ఉంటోంది. చెవి కాస్త మందగించింది కానీ మాటలో పదును తగ్గలేదు. నేను సంగతి చెప్పగానే అడ్డం పడింది. "మీ అవ్వ కాచిన ఆముదం ఇప్పుడు యాడుండాది పాపా? అంగడి సీసాలో ఏం కలిపింటారో ఎవురికి తెల్సు. మందుల షాపులో లిక్విడ్ పారఫిన్ అని అడుగు. విరేచనం కాకుంటే మేం ఇస్తాంటిమే, అదే. వాసన గానీ రుచి గానీ కలపనిది చూసి తీసుకో. అది ముక్కదు, జిగట పట్టదు. చెక్క బాగా ఆరినాక పూసి, ఒక పూట అట్లే పెట్టి, మిగిలింది గుడ్డతో తుడ్చేయమను." అంతా చెప్పి, "కానుగ నూనె మాత్రం పూయొద్దని చెప్పు" అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. నేనూ నవ్వాను. ఫోను పెట్టేశాక స్వప్న ఏమైందని అడిగింది. రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదది. పెనుకొండలోని మా తాత వంటింటి మనుషుల్లో ఇప్పుడు మిగిలింది చిన్నమ్మా నేనూ, అంతే. అందుకే రాస్తున్నాను.

పెనుకొండలో మా తాత ఇల్లు ఊరి చివర, కొండ నీడ పడే వైపు ఉండేది. మట్టి మిద్దె, లోపల చీకటి వంటిల్లు, పైన పొగ పోవడానికి ఒక కంత. ఆ కంతలోంచి పడే వెలుతురులో గోడకు కొట్టిన మేకులూ, వాటికి వేలాడే అవ్వ చెక్క సామానూ కనబడేవి. సంగటి కెలికే కట్టె, మజ్జిగ చిలికే కవ్వం, పప్పు ఎనిపే గుత్తి, వీటన్నిటి కంటే పెద్దది మరిగె. మరిగె అంటే ఒకే దుంగను తొలిచి చేసిన వెడల్పాటి చెక్క పళ్ళెం. కుండలో కెలికిన రాగి సంగటిని వేడివేడిగా అందులోకి వంచి, చేయి తడుపుకుంటూ ముద్దలు చేసేవాళ్ళు. అది అవ్వకు వాళ్ళ అత్త ఇచ్చింది. లోపలి భాగం చేతులు తగిలీ తగిలీ నున్నగా నల్లగా మెరిసేది. దానికి ఒక వాసన ఉండేది. రాగిపిండి, పొగ, ఆముదం కలిసిన ఆ వాసన నాకిప్పటికీ ఆకలి పుట్టిస్తుంది.

మాది చెనిక్కాయల సీమ, అంటే వేరుశనగ పండే నేల. ఏ ఇంట్లో చూసినా చెనిక్కాయ నూనే. అయినా అవ్వ చెక్కకు దాన్ని తగలనిచ్చేది కాదు. నాలుగు రోజులు పోతే జిగటగా మారి దుమ్మంతా పట్టుకుంటుంది, ముక్కిన వాసన ముద్దలోకి దిగుతుందనేది. కొబ్బరినూనె అంగడి సరుకు, చలికాలం పగుళ్ళలో తెల్లగా పేరుకుంటుంది. నువ్వుల నూనె దేవుడి దీపానికి. ఇక కానుగ నూనె పశువుల కొట్టంలో ఒక మట్టి ముంతలో ఉండేది. నాగలికీ, కాడిమానుకూ, బండి చక్రాలకూ పురుగు పట్టకుండా తాత పూసేవాడు. పరమ చేదు, పరమ కంపు. వంటింటి చెక్కకు మాత్రం ఆముదమే, అదీ అవ్వ చేత్తో కాచిందే. గింజలు వేయించి, రోట్లో దంచి, నీళ్ళలో వేసి ఉడకబెడితే నూనె పైకి తేలేది. దాన్ని చిప్పతో తీసి మళ్ళీ కాచి తడి ఇగరగొట్టేది. ఆ రోజు వీధి వీధంతా మా ఇంట్లో ఏం జరుగుతోందో తెలిసిపోయేది. చెక్క సామాను కడిగి నీడన ఆరబెట్టి, ఆముదం గోరువెచ్చగా చేసి, పాత చీర పీలికతో రుద్దేది. పిల్లల చెవులు రుద్దినంత ఓపికగా రుద్దేది. "తాగినంత తాగనీ, తేలింది తుడ్చేయాల" అనేది. నేనేమైనా అడిగితే, చెక్కకు కడుపుంటుంది కానీ నోరుండదు, ఏం పోస్తే అది తాగుతుంది, మనమే చూసి పోయాల అని చెప్పేది.

ఈ మాటకు ఇంకో వైపు కూడా ఉంది. చెప్పకపోతే అవ్వను ఉన్నదానికంటే మంచిదాన్ని చేసినట్టవుతుంది. అవ్వ లెక్కలో ఇంటి సామాను రెండు రకాలు. కంచు, ఇత్తడి, స్టీలు ఎవరు ముట్టినా చింతపండు పెట్టి తోమితే శుద్ధి అయిపోతాయి. మట్టీ చెక్కా అట్లా కాదు, అవి తాగేస్తాయి. ముట్టకూడని వాళ్ళు ముడితే మట్టికుండను పగలగొట్టాలి, చెక్కను పొయ్యిలో పెట్టాలి. అప్పుడు మేం దాన్ని ఆచారం అనుకున్నాం. దాని అసలు పేరు కులం అని నాకు బుద్ధి తెలిశాక తెలిసింది.

మా చిన్నాయన సుగుణమ్మను పెళ్ళాడాడు. తాత కాలికి పుండు పడితే కట్టు కట్టించడానికి ఆమె నర్సుగా ఉన్న ఆసుపత్రికి తీసుకుపోతూ వస్తూ, పుండు మానిపోయాక కూడా పోతూనే ఉన్నాడు. ఆమె నాయన ధర్మవరంలో రైల్వే పనివాడు. క్రైస్తవులు, మా వాళ్ళు గడపలోకి రానివ్వని కులం. హిందూపురంలో రిజిస్టరు పెళ్ళి చేసుకుని వచ్చి గుమ్మం ముందు నిలబడ్డారు. తాత ఏమీ అనకుండా పొలానికి పోయాడు. అవ్వ చాలాసేపు తలుపు పట్టుకుని నిలబడి, చివరికి "కాళ్ళు కడుక్కోని రాండి" అంది. కొడుకును వదులుకోలేక కోడలిని రానిచ్చింది. చిన్నమ్మ అన్నం వండింది, కూరగాయలు తరిగింది, స్టీలు గిన్నెలన్నీ తోమింది. ఒక పొద్దు కవ్వం తీసుకోబోతే అవ్వ మెల్లగా, "అది నేను తీస్తాలేమ్మా" అంది. ఇంకోసారి మరిగె మీద చెయ్యి వేయబోతే, "నీకు తెలీదులే, బరువు" అంది. అవ్వ గొంతు ఎన్నడూ పెంచలేదు. పెంచి ఉంటే చిన్నమ్మ ఎదురు మాట్లాడి ఉండేది. అంత నెమ్మదిగా చెప్పిన మాటకు ఎవరైనా ఏమని ఎదురు చెప్తారు?

చిన్నమ్మకు కావాల్సింది పెద్దదేమీ కాదు. మా ఇంట్లో సాయంత్రం సంగటి లేకపోతే తాతకు తిన్నట్టే ఉండదు. ఆ సంగటి కెలికేది ఇంటి ఆడమనిషే. అవ్వ కెలికేది, ఆమెకు చేతకానప్పుడు మా అమ్మ. ఆ కట్టె పట్టుకోనంత వరకు ఆ ఇంట్లో తాను ఉద్యోగం నుంచి వచ్చి పడుకుని పోయే మనిషే తప్ప కోడలు కాదని చిన్నమ్మకు తెలుసు. నాతో ఒకసారి అంది కూడా. నా జడ వేస్తూ, "మీ అవ్వ నన్ను తిట్టినా బాగుండు పాపా" అంది. నాకు అర్థం కాలేదు. జడ మరీ గట్టిగా లాగుతోందని ఏడ్చాను.

అమ్మ కాన్పుకు సోమందేపల్లిలోని తన పుట్టింటికి పోయింది. అదే సమయానికి అవ్వ చేతి కీళ్ళు వాచాయి. కుండను పాదాలతో నొక్కిపెట్టి ఉడుకుతున్న రాగిపిండిని ఉండకట్టకుండా కెలకడమంటే మగవాళ్ళకైనా భుజాలు పట్టేస్తాయి. రెండు మూడు సాయంత్రాలు అవ్వ పంటి బిగువున కెలికింది. ముద్దలో ఉండలు వచ్చాయి. తాత ఉండలను వేళ్ళతో ఏరి కంచం పక్కన పెట్టాడు. అవ్వకు అంతకంటే తిట్టు లేదు. అది చూసిన చిన్నమ్మ ఆదివారం హిందూపురం పోయి, కొత్త కట్టె, కొత్త మరిగె కొనుక్కుని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. అవ్వ సామాను ముట్టకుండా తన సామానుతో తానే కెలకొచ్చని ఆమె ఆలోచన. తెల్లటి కొత్త చెక్క, మీద చిత్రిక గీతలు ఇంకా కనబడుతున్నాయి. తెచ్చి అవ్వ ముందు పెట్టింది.

"అత్తా, దీనికి ఏం నూనె పూయాల?"

అవ్వ బియ్యం ఏరుతోంది, తలెత్తలేదు. ఆముదం ముంత ఆమె వెనకాలే ఉంది. "మీ ఇండ్లలో ఏం పూస్తారో అది పూసుకోమ్మా" అంది.

"మా ఇంట్లో చెక్క సామాను లేదత్తా. మేం అన్నమే తింటాం."

"నీకు తోచింది పూసుకో."

అవ్వ చెప్పకపోవడానికి కారణం నాకిప్పుడు తెలుసు. ఏ నూనో చెప్తే, ఆ మరిగెలో చేసిన ముద్ద తింటానని ఒప్పుకున్నట్టే. అందుకని తప్పించుకుంది. చిన్నమ్మ ఇంకోసారి అడగలేదు. పశువుల కొట్టంలో తాత నాగలికి నూనె పూయడం చూసింది. ఈ ఇంట్లో చెక్కకు పూసేది ఇదే కాబోలనుకుంది. ఆ ముంత తెచ్చి మరిగెకూ కట్టెకూ దండిగా పట్టించింది. వాసన వస్తోందని ఎండలో పెట్టింది, వేడినీళ్ళతో కడిగింది. నర్సు కదా, కడగడంలో లోటు చేయలేదు. వాసన తగ్గింది. ఆస్పత్రి మందులకు అలవాటుపడ్డ ముక్కుకు అంత మాత్రం వాసన లెక్కలోది కాదని చిన్నమ్మే తర్వాత చెప్పేది. అదీగాక పల్లెటూరి నూనెలన్నీ ఇంతేనేమో అనుకుందట.

ఆ సాయంత్రం చిన్నమ్మ సంగటి కెలికింది. కొంగు బిగించి, చెమటలు కారుతున్నా ఆపకుండా కెలికింది. ఒక్క ఉండ లేదు. కొత్త మరిగెలోకి వంచి ముద్దలు చేసి, తాతకూ నాయనకూ చిన్నాయనకూ నాకూ పెట్టింది. అవ్వ ఆకలి లేదని గోడకు ఆనుకుని కూర్చుంది. వేడి సంగటికి చెక్కలో ఉన్న నూనె చేదు ముద్దల్లోకి దిగింది. నేను ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని మింగలేక కక్కలేక అట్లే ఉండిపోయాను. నాయన తలొంచుకుని మింగాడు. "థూ, ఏంది ఇంత సేదు!" అన్నాడు చిన్నాయన. చిన్నమ్మ పరుగున వచ్చి కొంచెం నాలిక మీద వేసుకుంది. ముఖం తెల్లబోయింది. తాత మాత్రం ముద్ద విరిచి, ఊరిబిండి పచ్చడిలో అద్దుకుని, మింగి, మళ్ళీ విరిచాడు. "తినొద్దు మామా, కడుపులో తిప్పుతుంది" అని చిన్నమ్మ కంచం లాగబోతే, "ఉండనీమ్మా. యాపపుల్ల నమలడంలా? ఉండల్లేకుండా కెలికినావు, అది సాలు" అన్నాడు. అప్పుడు అవ్వ లేచి వచ్చింది. తాత కంచంలోంచి చిటికెడు తీసి నోట్లో వేసుకుంది. చిన్నమ్మ చేత్తో చేసిన ముద్ద అవ్వ నోట్లోకి పోవడం అదే మొదలు.

"కానుగ" అంది అవ్వ. "నాగలికి పూసేదమ్మే అది! ఎవురు చెప్పినారు నీకు దీన్ని పూయమని?"

"ఎవురూ చెప్పలేదత్తా" అంది చిన్నమ్మ. "మిమ్మల్నే అడిగితిని."

అవ్వ ముఖం నేనెప్పుడూ అట్లా చూడలేదు. చిన్నమ్మ ఏడుస్తూనే అందరి కంచాలూ తీసి పారబోసి, అన్నానికి ఎసరు పెట్టింది. ఎవరికైనా కడుపులో నొప్పి వస్తుందేమోనని పడుకునే దాకా ఒక్కొక్కర్నీ అడుగుతూ తిరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. అవ్వ మాత్రం ఆ అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే అవ్వ ఆ చేదు మరిగెను ముందేసుకుని కూర్చుంది. వాచిన చేతులతో బూడిద పెట్టి రుద్దింది. చింతపండు పెట్టింది, పుల్ల మజ్జిగ పోసి నానబెట్టింది, మరిగే నీళ్ళు పోసింది, గడియకోసారి వేలితో తుడిచి నాకి చూసింది. చిన్నమ్మ డ్యూటీకి పోయేటప్పుడు మొదలుపెట్టిన పని, ఆమె తిరిగి వచ్చేదాకా సాగింది. చేదు పోలేదు. మధ్యలో నేను నీళ్ళు తెచ్చి ఇస్తే, "ఒక మాట చెప్పింటే పోయేది గదా పాపా. నోరు పడిపోయిందా నాకు" అని తనను తానే తిట్టుకుంది.

ఇప్పటి రోజుల సంగతి చూస్తే నాకు నవ్వూ కోపమూ రెండూ వస్తాయి. స్వప్నకు ఏ సందేహమొచ్చినా అడగడానికి ప్రపంచమంతా ఉంది, ఏ నూనె కడుపుకు మంచిదో ఏది కాదో క్షణంలో తెలుస్తుంది. నా కోడలు నా వంటింట్లో ఏది ముట్టుకోవాలన్నా నన్ను అడగదు, నేనే ఆమెను అడగాలి. ఇది నాకు సంతోషమే. అయితే మా వీధిలో, కడుపుకు ఏది మంచిదో అన్నీ చదివి తెలుసుకునే ఇండ్లలోనే, పనిచేసే ఆమెకు టీ ఇచ్చే గ్లాసు కిటికీలో వేరుగా ఉంటుంది. స్టీలు గ్లాసే. తోమితే శుద్ధి అవుతుందని మా అవ్వ కూడా ఒప్పుకున్న స్టీలు. అవ్వ కాలం చెడ్డదని, మన కాలం మంచిదని చెప్పబోతే ఆ గ్లాసులు నా నోరు నొక్కేస్తాయి. అవ్వ పెద్దగా చదువుకోలేదు, ఎవరి ఉపన్యాసాలూ వినలేదు. ఆమెకు తెలిసిందల్లా చెక్క ఏం చేస్తుందో, నూనె ఏం చేస్తుందో, అంతే. ఆ తెలిసినదాంతోనే ఆమె ఆ సాయంత్రం చేసిన పని, ఇన్నేళ్ళలో చాలా చదివినవాళ్ళు చేయగా నేను చూడలేదు.

అవ్వ మరిగె తోమిన ఆ రోజు పొద్దుగూకే వేళకు చిన్నమ్మ డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. అవ్వ గోడకున్న తన మరిగెనూ కట్టెనూ దించి, వసారాలో చాప మీద పెట్టి, పక్కన ఆముదం ముంత పెట్టుకుని కూర్చుంది. "ఇట్ల రామ్మే" అని పిలిచింది. చిన్నమ్మ వచ్చి నిలబడింది.

"ఇంద, పట్టుకో. ఈ పూట దీంట్లో చెయ్యి."

చిన్నమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "వద్దత్తా" అంది. "నేను ముడితే రేపు దీన్ని పొయ్యిలో పెట్టాల్సొస్తాది మీకు. నాకు తెలుసు. ఎవురూ చెప్పకపోయినా తెలుసు. మీ అత్త ఇచ్చిందంట గదా, నా వల్ల కాలిపోవద్దు. నేను అన్నం వండుతాలే."

తాత వాకిట్లో పగ్గం పేనుతున్నాడు. చేతులు ఆగిపోయాయి. అవ్వ చిన్నమ్మ చెయ్యి పట్టుకుని లాగి పక్కన కూర్చోబెట్టింది. ఆ అరచేతిలోకి ఆముదం వంచింది. తన వంకరపోయిన వేళ్ళను ఆ చేతి మీద వేసి, రెండు చేతులూ కలిపి మరిగె మీద పెట్టి రుద్దడం మొదలుపెట్టింది.

"ఆ కొత్త మరిగెను పొద్దున్నుంచి కడిగినా" అంది, రుద్దుతూనే. "బూడిద పెట్టినా పోలే, మజ్జిగ పోసినా పోలే. చెక్క తాగితే కక్కదు. మా అత్త చెప్పింది నిజమే. ఇప్పుడు ఇది నీ చెయ్యి తాగుతాంది. ఇంగ నేనే పోగొట్టాలనుకున్నా నువ్వు పోవు."

చిన్నమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే రుద్దింది. అవ్వ కళ్ళు తుడుచుకోలేదు, చేతుల నిండా ఆముదం.

ఆ సాయంత్రం సంగటి చిన్నమ్మే కెలికింది. అవ్వ పక్కన కూర్చుని నీళ్ళు చిలకరించింది. ముద్దలు కంచాల్లో పడ్డాక అందరం అవ్వ వంకే చూశాం. అవ్వ ఎవరినీ చూడలేదు. ముద్ద విరిచింది, అద్దుకుంది, మింగింది. అట్లా తల దించుకునే మొత్తం తిని, కంచం చిన్నమ్మ వైపు జరిపింది.

"ఇంగ సగం పెట్టు. నిన్నట్నుంచి ఏమీ తినలే నేను."